కొట్లాడే నెత్తురు

సంతోష్‌నగర్,
11 జూన్ 2025

అన్నకు,

తోడబుట్టినవాడివి కాబట్టి అన్న అని రాశాను. అంతకు మించి ఆ మాటలో ఏమీ వెతుక్కోవద్దు. ఫోను చేస్తే ఇద్దరం అరుచుకుంటాం, ఎవరో ఒకరం పెట్టేస్తాం. అమ్మతో చెప్పి పంపిస్తే ఆమె చాంద్రాయణగుట్ట దగ్గర బస్సు దిగేలోపు నా మాటల్లో కారమంతా తీసేసి నీకు వడ్డిస్తుంది. నేను మీ ఇంటి పాలు నాకొద్దంటే, "అమలకు నోరు బాగలేదు, పాలు సయిస్తలేవు" అని నీకు చెప్పిందట. అందుకే కాగితం మీద రాసి, కవరు అంటించి ఆమె చేతికే ఇస్తున్నాను. ఆమెకు చదవడం రాదు కాబట్టి ఈసారి నా మాట నాదిగానే నిన్ను చేరుతుంది.

నా జబ్బు తిరిగి వచ్చింది. పోయిన ఆగస్టులో నీ దగ్గర తీసుకున్న మూలకణాలు నాకు ఎక్కించి, ల్యుకేమియా ఇక పోయినట్టేనన్నారు. నా బ్లడ్ గ్రూపు పోయి నీ గ్రూపు కూడా వచ్చింది. మొన్న తుంటి ఎముకలో సూది గుచ్చి మూలుగ తీసి చూస్తే అందులో పాత కణాలు మళ్ళీ కనిపించాయి. మా ఆయన రాఘవ ఆ మాట విని డాక్టరమ్మ గదిలో గోడకు ఆనుకుని నిలబడిపోయాడు. నాకు మాత్రం పెద్ద వింత అనిపించలేదు. ఇష్టం లేకుండా ఇచ్చింది ఎవరి ఒంట్లో నిలుస్తుంది?

ఇష్టం లేదని నేను ఊహించి అనడం లేదు. ఆ రోజు కణాలు తీసే మిషన్ దగ్గర నుంచి లేచి, నేనున్న గది ముందు నుంచే నడిచి, అద్దంలోంచి కూడా చూడకుండా మెట్లు దిగిపోయావు. కొట్టం తీసేయాలని కాలనీవాళ్ళు పెట్టిన అర్జీ మీద నేనూ సంతకం చేశానని కదా ఆ కోపం. అప్పుడు నీ బర్ల కొట్టం వెనకాలే అద్దెకున్నది నేను. మోరీ పొంగితే పేడనీళ్ళు మా గడప దాటి లోపలికి వచ్చేవి. నా బిడ్డకు జ్వరం విడిచేది కాదు. మోరీ సంగతి చూడమని నీకు చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టాకే సంతకం చేశాను.

ఆసుపత్రి వాళ్ళు మళ్ళీ నీ కణాలు కావాలని ఫోను చేస్తారు. ఆ ఫోను చేయించింది నేను కాదు. నిన్ను నేను అడగలేదు, అడగను కూడా. ఈ ఒక్క సంగతి తెలియాలనే ఇదంతా రాశాను.

అమల

—

చాంద్రాయణగుట్ట,
16 జూన్ 2025

అమలకు,

కవరు ముట్టింది. ఇచ్చుకుంట అమ్మ "చెల్లె మంచిగ రాసింది, సదువు" అన్నది. మంచిగనే రాసినవ్. పేపరోళ్ల లెక్క రాస్తే నాకు సమజ్ కాదనుకున్నవేమో. నేను సదివింది పదో తరగతే గని, తిట్టును తిట్టు లెక్కనే సదువుత.

ముందుగాల సంతకం ముచ్చట. కాలనీల అందరు పెట్టిండ్రు, నిజమే. గని అందరు నాకు చెల్లెండ్లు కారు. బాపు ఆ కొట్టంల పాలు పిండి నిన్ను డిగ్రీ దాంక సదివిచ్చిండు. ఇప్పుడు నా బర్లు జల్‌పల్లి అవతల ఉన్నయి. రోజు పొద్దుగాల బండి తోలుకుంట పోవాలె, ఫ్లైఓవర్ కింద లారీల నడుమ పాలు తెచ్చుకోవాలె. నిన్న ఒక బర్రె ఈనింది. నేను పోయేసరికి దుడ్డె సచ్చి ఉన్నది. కొట్టం ఇంటెనకనే ఉంటే బతికేది. నీకు చెప్పి ఏం ఫాయిద.

ఇగ నెత్తురు ముచ్చట. ఇష్టం లేక ఇచ్చినవ్ అంటున్నవ్. ఇష్టం లేకనే ఇచ్చిన. అమ్మ గడపల కూసొని అన్నం ముట్టలే, గందుకిచ్చిన. కణాలు పెరగాలని రోజు సూదులేస్తే నడుము బొక్కలు పలిగిపోయినట్టు గుంజినయి, రెండు చేతులకు పైపులు పెట్టుకొని కదలకుంట పండుకున్న. గంత చేసినంక నాది దొంగ సరుకంటవా? నా తోడు మంచిదే. పాలు తోడుకోకుంటే తోడును తిట్టేటోళ్లను నేను చూడలే, కుండ ఎట్లున్నదో చూస్తరు. నీ కుండనే ఖరాబు.

పాలు సయిస్తలేవని అమ్మ చెప్తే పానం బాగలేదు గద అని ఊకున్న. నువ్వు ప్యాకెట్ పాలు కొనుక్కుంటున్నవని నీ గల్లీ కిరాణ దుకాణపాయన చెప్పిండు. నా క్యాన్ వాపస్ పంపి ఎవని పాలో తాగినవ్. పరాయోళ్లు గూడ గట్ల చెయ్యరు.

దవాఖానోళ్లు ఫోన్ చేసిండ్రు. ఎత్తిన, పెట్టేసిన. అడగ అంటున్నవ్ గద, అడగకు.

కొండల్

—

సంతోష్‌నగర్,
27 జూన్ 2025

అన్నకు,

దుడ్డె సంగతి చదివి బాధపడ్డాను. అది నా ఖాతాలో వేసినందుకు ఒళ్ళు మండింది కూడా. రెండూ నిజమే.

పాల సంగతి ముందు తేల్చేస్తాను. మూలకణాల మార్పిడి అయ్యాక కొట్టం నుంచి నేరుగా వచ్చే పాలు ఇంట్లోకి కూడా రానివ్వొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. అప్పటికి నా ఒంట్లో ఏ చిన్న క్రిమినీ తట్టుకునే శక్తి లేదు. ఆ సంగతి నీకు చెప్పమని అమ్మతోనే అన్నాను. నీ పాలలో దోషం ఉందన్నట్టు వినిపిస్తుందని భయపడి ఆమె ఇంకేదో చెప్పి ఉంటుంది. అయితే నాకొద్దు అన్నది కూడా నిజమే, ఆ రోజు నేను కోపంలో ఉన్నాను.

నీ కుండ మాట పట్టుకుని డాక్టర్ వాగ్దేవిని సూటిగా అడిగాను. మా అన్న కణాలు చెడ్డవా, నా ఎముకలు చెడ్డవా అని. ఆమె కాగితం తీసి బొమ్మ గీసింది. మూలుగంటే ఒట్టి నెత్తురు పుట్టే చోటు కాదట, అదొక బస్తీ లాంటిదట. అందులో కొత్త రక్తకణాలను సాకే కణాలు ఉంటాయి, సన్నని నాళాలు ఉంటాయి, కాపలా కాసే తెల్లకణాలు ఉంటాయి. జబ్బు కణం అందులో ఒంటరిగా పెరగదు. పక్కనున్న సాకే కణాలను మెల్లగా తనవైపు తిప్పుకుంటుంది. అవి మంచి నెత్తురును సాకడం మానేసి దాన్ని సాకుతాయి. కీమో వచ్చినప్పుడు వాటి చాటున కదలకుండా పడి ఉంటుంది. మందు ఎక్కువగా చంపేది జోరుగా పెరిగే వాటినే కాబట్టి ఇది తప్పించుకుంటుంది. నీ కణాలు వచ్చి దిగింది ఆ బస్తీలోనే. నెత్తురు నీదయింది గాని, ఇరుగుపొరుగు కణాలు మాత్రం పాతవే, నావే.

ఇంకోటి కూడా చెప్పింది, నువ్వు పాలవాడివి కాబట్టి రాస్తున్నాను. జబ్బు కణాలు చుట్టూ ఒక పులుపును వదులుతాయట. పాలు పులిసినప్పుడు పుట్టేది కూడా అదేనట. అందులో నీ కాపలా కణాలు మొద్దుబారిపోతాయి, ఎదురుగా శత్రువున్నా చెయ్యెత్తవు. కాబట్టి నీ తోడూ బాగానే ఉంది, నా కుండా నేను మురికిగా పెట్టుకున్నది కాదు. నీ కణాల మీద నేనన్న మాట తప్పని రాస్తున్నాను. దీన్ని పట్టుకుని మెత్తబడ్డాననుకోకు.

ఎందుకంటే నీ కాపలా కణాలు జబ్బు ముందు మొద్దుబారాయేమో గాని, నా మీద మాత్రం బాగానే లేచాయి. చలికాలంలో నీ కణాలను అదుపులో పెట్టే మాత్రలు తగ్గించగానే అరచేతులు, మెడ, వీపు ఎర్రగా కాలిపోయాయి. చీర తగిలినా మంటే. డాక్టరమ్మ చూసి ఇది చిన్నదేనని, మంచిదేనని పూత మందు రాసిచ్చింది. ఒళ్ళు ఆమెది కాదు కదా. ఆ మంట ఎవరిదో నాకు తెలుసు. మాత్రలు పూర్తిగా మానెయ్యమన్నా నేను మానలేదు. పాత చీటీ చూపించి మెడికల్ షాపులో కొనుక్కుని, సగం సగం ఇప్పటికీ మింగుతున్నాను. నీ కోపాన్ని అలా తొక్కిపెట్టి బతుకుతున్నాను, అన్నా.

అమల

—

చాంద్రాయణగుట్ట,
5 జూలై 2025

అమలకు,

నీ చిట్టి సదివి నాకు తిక్క లేసింది. నా నెత్తురు నా మీదనే ఫిర్యాదు అయిందా అనుకున్న. ఫోన్ల కాదు, మొఖం మీదనే ఇయ్యనని చెప్పొద్దామని దవాఖానకు పోయిన. మీ వదిన లీలమ్మ వద్దన్నది, లొల్లి చేస్తవు అన్నది. చేద్దామనే పోయిన.

టోకెన్ తీసుకొని మస్తుసేపు కూసున్న. అక్కడ కూసుంటే లొల్లి చెయ్య బుద్ధి కాదు. నా పక్కన ఒక ఆయన, బిడ్డకు నెత్తిల ఎంటికలన్ని పోయినయి, టోపీ పెట్టి ఆడిపిస్తున్నడు. గయినా లోపటికి పోయినంక డాక్టరమ్మతోని అనేసిన. "ఆమె నా నెత్తురును గోలీలతోని తొక్కిపెట్టి ఉంచుతున్నది. మళ్ల నా దగ్గరికెందుకు ఫోన్ చేస్తున్నరు?" అన్న.

ఆమె రాస్తున్న పెన్ను ఆపింది. "ఏ గోలీలు?" అన్నది.

గప్పుడు నాకు సమజైంది, ఆమెకు తెల్వదని. గా గోలీలు మార్చిలనే బంద్ పెట్టిచ్చిండ్రట గద. బంద్ అయినయనుకొనే మళ్ల నా కణాలు ఎక్కిద్దామని చూస్తున్నరట. నువ్వు మింగుకుంట కూసుంటే నేను ఎంతిచ్చినా బేకారయ్యేది. ఒంటి మీద మంట లేసుడంటే కాపలోళ్లు మేల్కొని ఉన్నట్టట. నీ తోలు మీద పడ్డోళ్లే జబ్బు మీద గూడ పడతరట. ఆ కొట్లాట ఉంటేనే మనిషి బతుకుతదట. నువ్వేమో వాళ్ల చేతులు కట్టేసినవ్. గిందుకే జబ్బు తిరిగొచ్చిందా అని అడిగిన. ఒక్కదాని మీద పెట్టలేమన్నది, ఆ బస్తీ బొమ్మనే నాకు గూడ గీసింది. గని గోలీలు దానికి తోడయి ఉంటయన్నది.

నన్ను నమ్మకపోతే పాయె. డాక్టర్ను గూడ నమ్మలే నువ్వు. డిగ్రీ సదివి గిదా చేసేది. రాఘవ బావకు ఆమె ఫోన్ చేస్త అన్నది, ఈపాటికి చేసే ఉంటది.

ఇస్త అని మాత్రం నేను అనలే. ఆలోచన చేస్త అని లేసొచ్చిన.

కొండల్

—

సంతోష్‌నగర్,
13 జూలై 2025

అన్నకు,

చాడీ చెప్పి నన్ను ఇంట్లో దోషిగా నిలబెట్టావు, సంతోషమా? రాఘవ అల్మారాలన్నీ వెతికి మాత్రల డబ్బా తీసుకుపోయాడు. పెళ్ళయినప్పటి నుంచి నన్ను ఒక్క మాట అనని మనిషి, "నాతోనన్న చెప్పకపోతివి" అని వంటింట్లో కూర్చుని ఏడ్చాడు. డాక్టరమ్మ తిట్టినా బాగుండేది. ఆమె నా చెయ్యి తట్టి, ఇప్పటిదాకా ఎన్ని మింగానో రాసుకుంది.

మాత్రలు ఆపేశాను. పొట్ట మీద ఇంజెక్షన్లు మొదలయ్యాయి. జబ్బు కణాలను కొంత తగ్గించి, దాక్కున్నవి కాపలా కణాల కంట పడేలా చేయడానికట. వాంతులు, నీరసం. గల్లీలో బోనాలకు పందిరి వేస్తున్నారు, ఆ డప్పుల చప్పుడు తలలోనే మోగుతున్నట్టుంది.

నువ్వు చెప్పకపోతే నేను ఆ మాత్రలు మింగుతూనే ఉండేదాన్ని. అది నాకు అర్థమైంది. అందుకు నీ మీద ఇంకా ఎక్కువ కోపంగా ఉంది, ఎందుకో నన్నడగొద్దు.

ఇప్పుడు అసలు సంగతి. ఈసారి నీ దగ్గర తీసుకునేది మూలకణాలు కావట, ఒట్టి కాపలా కణాలట. కొట్లాడేవి మాత్రమే. అవి మొద్దుబారిన పాతవాటిలా కాకుండా కొత్తగా వచ్చి జబ్బు మీద పడాలి. పడొచ్చు. అదుపు తప్పితే నా చర్మం మీద, పేగుల మీద, కాలేయం మీద కూడా పడొచ్చు. దానితో చనిపోయిన వాళ్ళు కూడా ఉన్నారని డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. ఎక్కించకపోతే జబ్బు ఊరుకోదనీ చెప్పింది. నాకు భయంగా ఉంది, అన్నా. సూదికి కాదు. నీకు.

కొట్టం ఖాళీ చేసిన రోజు నువ్వు గల్లీలో అందరి ముందు, "నా చెల్లె సచ్చిపోయింది, ఇయ్యాల్టి సంది నాకు చెల్లె లేదు" అన్నావని అప్పటి మా ఇంటి ఓనరమ్మ చెప్పింది. అమ్మను అడిగితే అమ్మవారి మీద ఒట్టేసి అనలేదంది. నన్ను చచ్చిపోయిందన్న మనిషి నెత్తురు నా ఒంట్లో తిరుగుతుంటే, అది నన్ను చంపడానికే తిరుగుతోందని నాకు ఎన్నిసార్లు అనిపించిందో నీకు తెలియదు. మాత్రలు అందుకే మింగాను. చదువుకున్నదాన్నే, అయినా మింగాను.

క్షమించమని అడగడం లేదు, నిన్ను క్షమించడమూ లేదు. ఒక్కటి రాయి. ఆ మాట అన్నావా, లేదా?

అమల

—

చాంద్రాయణగుట్ట,
17 జూలై 2025

అమలకు,

అన్న. ఆ మాట గల్లీల నిలవడి, అందరు ఇంటుండంగ అన్న. అమ్మ ఒట్టు అబద్ధం. నువ్వు పరేషాన్ అయితవని ఏసింది.

బర్లను లారీ ఎక్కిస్తుంటే ఒకటి కాలు ఇరగ్గొట్టుకున్నది, గప్పుడు అన్న. గప్పుడు నీకు జబ్బున్నదని ఎవలకు తెల్వదు. తెలిసినంక ఆ మాట నా గొంతుల ఇరుక్కున్నది, ఎనకకు గుంజుకుందామంటే రాలే. దవాఖానల నీ రూమ్ ముందు నుంచి అట్లనే పోయిన అన్నవ్ గద. ఏ మొఖం పెట్టుకొని చూడాలె? గట్లని కోపం పోలే. ఇప్పటికి ఉన్నది. దుడ్డెలను చూసినప్పుడల్ల వస్తది.

నిన్న మళ్ల డాక్టరమ్మ దగ్గరికి పోయిన. కోపమున్నోని కణాలు ఎక్కిస్తే ఆ మనిషికేమన్నయితదా అని అడిగిన. నవ్వుతదనుకున్న, నవ్వలే. నెత్తురుకు కోపం తెల్వదు, ఇది మన కణమా పరాయి కణమా అనే చూస్తది అన్నది. నేను ఇష్టంగ ఇచ్చినా, తిట్టుకుంట ఇచ్చినా అది చేసే పని ఒక్కటేనట. జర నిమ్మళమైంది నాకు. ఇప్పుడు ఫికర్ లేకుంట తిట్టొచ్చు నిన్ను.

వచ్చే గురువారం ఇస్త. నువ్వు అటు దిక్కు రాకు, నేను ఇటు దిక్కు రాను. అమ్మను నడుమల పెట్టకు. ఒక్కసారే ఇస్త. మళ్ల అడగొద్దు.

కొండల్

—

సంతోష్‌నగర్,
4 సెప్టెంబర్ 2025

అన్నకు,

అన్నానని రాశావు. చదివిన రోజు ఆ కాగితం చింపబోయాను. అయినా అబద్ధం రాయలేదు కదా అని అనిపించింది. మన ఇంట్లో ఎవరూ నాకు నిజాన్ని నిజంగా చెప్పి చాలా కాలమైంది.

నీ కణాలు ఎక్కించారు. చిన్న సంచీ, టీ గ్లాసు కూడా నిండదేమో. మధ్యాహ్నం ఎక్కించి సాయంత్రం ఇంటికి పంపారు. రాఘవ ఆటోలో దారంతా నా చేతులనే చూస్తూ కూర్చున్నాడు. ఆ రోజు నుంచి నేనూ అదే పని. పొద్దున లేవగానే అరచేతులు చూసుకుంటాను, అద్దం ముందు మెడ తిప్పి చూసుకుంటాను. ఇదివరకు ఎర్రగా కనిపిస్తే గుండె జారిపోయేది. ఇప్పుడు ఎర్రబడలేదని జారిపోతోంది. వీపు మీద దురద పుడితే సంబరపడి రాఘవను పిలిచాను. చూస్తే దోమ కుట్టింది.

నిన్న మూలుగ పరీక్ష ఫలితం వచ్చింది. జబ్బు కణాలు తగ్గాయి, పోలేదు. నీవి పని మొదలుపెట్టాయి గాని, ఆ పాత బస్తీని ఖాళీ చేయించడానికి అవి చాలడం లేదట. మొదటిసారి భయపడి కావాలనే కొంచెం ఇచ్చారు. నా ఒళ్ళు తట్టుకుంది కాబట్టి ఈసారి చాలా ఎక్కువ ఇవ్వాలంటున్నారు. అప్పుడు తీసినది అయిపోయింది, మళ్ళీ నీ దగ్గరే తీసుకోవాలి. ఇంకొన్ని వారాలు ఊరుకుంటే జబ్బుదే పైచేయి అవుతుందని డాక్టరమ్మ చెప్పింది. నీకు ఆసుపత్రి నుంచి ఫోను చేయిస్తానంది. వద్దన్నాను. నేనే రాస్తానన్నాను.

ఆ అర్జీ మీద చేసిన సంతకం తప్పని నేను ఇవాళ కూడా అనలేను. ఆ మోరీ నీళ్ళలో నా బిడ్డ పాకింది. కొట్టం పోయినందుకు నువ్వు పడుతున్న కష్టాన్ని కూడా కాదనలేను. మన ఇద్దరి మధ్య ఇది ఎప్పుడు తేలుతుందో, అసలు తేలుతుందో లేదో నాకు తెలియదు.

మళ్ళీ అడగొద్దన్నావు. అడుగుతున్నాను, అన్నా. అమ్మతో కాదు, డాక్టరుతో కాదు, నా చేత్తో రాసి నేనే అడుగుతున్నాను. మళ్ళీ ఇవ్వు, ఈసారి ఎక్కువ ఇవ్వు. అవి నా చర్మం ఒలిచినా ఒక్క మాత్ర మింగను. నాకు బతకాలని ఉంది.

సోమవారం పొద్దున నేను ఆసుపత్రిలోనే ఉంటాను. చూడకుండా వెళ్ళిపోయినా సరే, రా. నా మీద కోపం పోయాక వద్దామని మాత్రం ఆగకు. అంత టైము నాకు లేదు.

నీ చెల్లె
అమల